మునెప్ప గంపలో అడుగు కాయలు

పుంగనూరు రోడ్డు పక్కన, మదనపల్లెకు దగ్గరలో ఉన్న ఒక పల్లె చర్చికి మునెప్ప సంఘపెద్ద. బాప్తిస్మమప్పుడు పెట్టిన సమూయేలు అన్న పేరు రిజిస్టరులోనే ఉండిపోయింది. మంచివాడే. కాకపోతే, తాను మంచివాడినన్న సంగతి ఆయనకు కాస్త ఎక్కువగా తెలుసు. ప్రార్థనలో "నేను నీ పాదధూళిని ప్రభువా" అంటాడా, ముందు వరుసలో తన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే మాత్రం ఆ పూటంతా మూతి ముడుచుకునే ఉంటాడు.

ఎకరన్నర టమోటా తోట ఆయన బతుకుతెరువు. గంప సర్దడంలో చెయ్యి తిరిగినవాడు. అడుగున గోలీలంత కాయలు, పగిలినవి. పైన రెండు వరుసలు నిగనిగలాడే ఎర్రకాయలు. మదనపల్లె మండీలో నలుగురూ చేసే పనే. కొనేవాడికీ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. అందుకని అదొక తప్పని ఎవరికీ తోచేది కాదు.

1997లో ప్రథమ ఫలాల ఆదివారం వచ్చింది. తొలికోత దేవునికిచ్చి, దాంతోనే అందరికీ ప్రేమవిందు వండుకునే రోజు. ముందురోజు సాయంత్రం మునెప్ప తోటలో ఒక్కడే గంప సర్దుకున్నాడు. మనసంతా మరునాటి ప్రసంగం మీదే ఉంది. కొంత దాచుకుని, అంతా ఇచ్చేశామని దేవుని ముందు అబద్ధమాడిన అననీయ సప్పీరాల కథ చెప్పాలి. ఆయన ఆలోచనలో ఆయనుంటే, చేతులు వాటి అలవాటు ప్రకారం పని కానిచ్చేశాయి.

ఆదివారం అరగంట ప్రసంగం దంచేశాడు. తర్వాత చర్చి వెనక, చారు కోసమని రమణమ్మ ఆ గంపను గోనెపట్టా మీద బోర్లించింది. ఆమె మునెప్ప తోటలోనే కలుపు తీసే మనిషి. చర్చిలో ఎప్పుడూ గడప దగ్గర, చెప్పుల పక్కన కూర్చునేది. గంప ఎత్తేసరికి అడుగువన్నీ పైకొచ్చి కూర్చున్నాయి. గోలీలు, పగుళ్లు, పురుగు కాయలు!

"ఏమప్పా పెద్దాయనా, దేవునికి గూడా మండీ గంపేనా?" అని ఎవరో కిసుక్కుమన్నారు.

మునెప్ప తలొంచుకున్నాడు. ఇరవై ఏళ్ల పరువు ఆ గోనెపట్టా మీద ఉంది.

"నేనే సర్దితిని" అంది రమణమ్మ. "మండీకి పోయే గంపనుకుంటి. తప్పయిపాయ."

శనివారం ఆమె తోటవైపే రాలేదు. అది ఆమెకూ తెలుసు, మునెప్పకూ తెలుసు. అయినా ఆ మహానుభావుడు ఏమన్నాడో వినండి: "సూసి సర్దాల కదమ్మా!"

ఎంత మాట! అన్నాడు గానీ, ఆ పూట చారు ముట్టకుండానే ఇంటికి పోయాడు. వారం తిరక్కముందే "దేవుని సొమ్ములో మాయ చేసింది" అని రమణమ్మ మీద గుసగుసలు లేచాయి. ఇక విందు వంటకు రావద్దని ఆమెతో చెప్పేశారు. మునెప్ప ఉండబట్టలేక ఆమె ఇంటికి పోయాడు.

"యాల అట్ల చెప్తివి రమణమ్మా?"

"నువ్వు తలొంచుకోని నిలబడుంటే సూడలేకపోతిని అన్నా. నాదేముండాది? చెప్పుల పక్కన కూర్చునేదాన్ని. పడినా యాడికి పడతాను?"

ఆ మాట ఆయన్ను లోపల్లోపల తొలిచేసింది. మరుసటి ఆదివారం చర్చిలో లేచి నిలబడ్డాడు.

"ఆ గంప సర్దింది నేను. నా తప్పు ఆమె నెత్తినేసుకుంటే, మళ్లా నేనే ఆమెకు బుద్ధులు చెప్తిని. క్షమించు తల్లీ" అని రమణమ్మకు చేతులు జోడించాడు.

వెంకటరత్నమ్మ అనే ముసలామె గట్టిగా అంది: "ఇన్నేండ్లకు ఒక మంచి ప్రసంగం సెప్పినావప్పా!"

అందరూ నవ్వారు. మునెప్ప కూడా నవ్వాడు, ఏడుస్తూనే. ఆ రోజు నుంచి ఆయన చోటు గడప దగ్గరే. పెద్దరికం పోతుందని అంత వణికిన మనిషి, అది పోయాక ప్రాణం ఎంత హాయిగా ఉందో కనపడినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. మండీకి కూడా చిన్నకాయలు పైన పెట్టే తీసుకుపోయేవాడు. "తలకిందుల మునెప్ప వస్తాండాడు" అని నవ్వేవాళ్లు. నవ్వుకోనీ అనుకునేవాడు.

కొన్నేళ్లకు రమణమ్మ కుప్పంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఏటా తొలికోత గంపతో మునెప్ప పుంగనూరు మీదుగా బస్సెక్కి కుప్పం పోయేవాడు. 2004లోనూ పోయాడు. పైనున్న చిన్నకాయలు చూసి ఆమె నవ్వింది.

"ఈడికి గూడా తలకిందులేనా అన్నా? దేవునికీ ఇట్లే పెడతాండావా?"

"ఆయనకు ఎట్ల పెట్టినా అడుగే ముందు కనపడతాది కదమ్మా. ఆ పొద్దు నువ్వు బోర్లిస్తివి, నాకూ కనపడింది. నిన్నిచ్చినందుకు ఆయనకు రోజూ స్తోత్రం చెప్పుకుంటాండాను."

రమణమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, గంపను మెల్లగా చాప మీద బోర్లించింది. ఎర్రకాయలు పైకొచ్చాయి.