సముద్రం రంగు పడవ

ఆ రోజుల్లో నాకు కలపడం రాని రంగు లోకంలో లేదు. అంటే, నేను అలా అనుకునేవాణ్ణి. లోకాన్ని ఎవరూ అడగలేదు. డ్రాయింగు పరీక్షలు లోయరూ హయ్యరూ రెండూ పాసై, ఉద్యోగం మాత్రం రాక, ఎవరింటి గోడ చూసినా "ఈ గులాబిలో రవ్వంత బూడిద రంగు పడాల్సింది" అని పెదవి విరిచే వయసు నాది. అమ్మ చేసిన చేపల పులుసును కూడా ఇది కావి రంగా, ఇటుక రంగా అని తేల్చేవాణ్ణి. (ముందు తిని తర్వాత తేల్చమని ఆమె ఒకసారి గరిటె చూపించింది.) ఇప్పుడు సూళ్లూరుపేటలో ఒక పెయింట్ల దుకాణంలో పని చేస్తున్నాను. నంబరు నొక్కితే మిషనే చుక్కలు కొలిచి పోసి, గిరగిరా తిప్పి కలిపేస్తుంది. నేను మూత బిగించి ఇస్తాను. ఆ మిషను నాకంటే బుద్ధిమంతురాలు, చెప్పిన రంగే కలుపుతుంది. నేను అలా కలపకపోవడం వల్ల ఏమైందో చెబుతాను. చెప్పడానికి సిగ్గే, అయినా చెబుతాను.

మా అక్కను సముద్రం ఒడ్డున జువ్వలదిన్నెలో ఇచ్చారు. బావకు సొంతంగా ఒక ఫైబర్ పడవ ఉండేది, పసుపు రంగుది. ఒక ఎండాకాలం ఆ పసుపు పెచ్చులూడిపోయిందనీ, ఊరికే కూర్చున్నావు కదా వచ్చి రంగు వెయ్యమనీ బావ కబురు పెట్టాడు. తాను ఇంజను బాగు చేయించడానికి కావలి పోతూ, "అదే పసుపు ఎయ్యబ్బయా. మీ అక్క కంటికి అలవాటు" అని చెప్పి మరీ పోయాడు. మాది పులికాట్ ఒడ్డు. మా సరస్సులో పడవ మునిగితే దిగి నిలబడి, నీళ్లు తోడేసి మళ్లీ ఎక్కుతాం. ఎవరి పడవ ఎక్కడుందో గట్టు మీద నుంచే తెలుస్తుంది. అందుకని పడవకు రంగు అందం కోసమే అనుకున్నాను. సముద్రం మీద ఒక్కో ఇంటి పడవకు ఒక్కో రంగుంటుందనీ, పొద్దున పడవలు తిరిగొచ్చే వేళకు ఆడవాళ్లు గంపలతో ఒడ్డున నిలబడి ఆ రంగును బట్టే తమవాళ్లను గుర్తుపడతారనీ నాకు ఎవరూ చెప్పలేదు. (చెప్పారు. అక్క రెండుసార్లు చెప్పింది. నేను వినలేదు.)

పసుపు డబ్బా తెరిచి అలాగే పూసెయ్యడం నా చదువుకు అవమానంగా తోచింది. తెలుపు, నీలం, ఆకుపచ్చ, కాస్త నలుపు తెప్పించుకున్నాను. పసుపు కూడా తెరిచాను, ఒక్క చుక్క పసుపు పడితే గాని సముద్రం రంగు రాదు మరి. ఇసుక మీద బకెట్టు పెట్టుకుని కలపడం మొదలుపెట్టాను. తొమ్మిదింటికి సరిపోయిన రంగు పదింటికి సరిపోదు, ఎండ ఎక్కేకొద్దీ సముద్రం మారిపోతోంది. మళ్లీ తెలుపు, మళ్లీ చుక్క నలుపు. అటుగా పోయే వలల వాళ్లు నిలబడి చూసి, ఏమీ అనకుండా పోయారు. వాళ్ల మౌనాన్ని నేను గౌరవం అనుకున్నాను. రెండో రోజు మధ్యాహ్నానికి కుంచె ముంచి సముద్రం వైపు పట్టుకుంటే, కుంచె కొన ఎక్కడ అయిపోయిందో నాకే తెలియలేదు. అంతే, ఆగకుండా పడవంతా పూసేశాను.

బావ వచ్చి పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. పసుపు కదా వెయ్యమన్నానని మెల్లగా అడిగాడు. నేను ప్రకృతి గురించీ, వర్ణసామరస్యం గురించీ ఏదో మాట్లాడాను. బావ నెమ్మదస్తుడు. ఎటూ వేసేశావు కదా, ఈ తూరికి కానీలే అన్నాడు.

రంగు పైపైన ఆరగానే, ఇద్దరు మనుషులను తీసుకుని వేటకు పోయాడు. మర్నాడు పొద్దున గాలి లేచింది. పడవలన్నీ తొందరగా ఒడ్డుకు మళ్లాయి. ఎరుపుది వచ్చింది, తెలుపుది వచ్చింది, నారింజది వచ్చింది. వచ్చినవాళ్లు ఎవరూ బావ పడవను చూడలేదన్నారు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్న అక్క కాసేపటికి గంప కింద పెట్టింది. ఇంకాసేపటికి కూలబడి, పైట నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఎవరో ఫోను చేశారు, కలవలేదు. మేమంతా పడవ కోసమే వెతుకుతుంటే, బావ వాళ్లమ్మ, దగ్గరి చూపు సరిగా ఆనని మనిషి, సముద్రం వైపు వేలు చూపించింది.

"మనుషులు అగపడతా ఉండారు. పడవేదిరా?"

నిజమే. అలల అవతల ముగ్గురు మనుషులు, కింద ఏ ఆధారమూ లేకుండా, నీళ్ల మీద కూర్చున్నట్టు కొట్టుకుపోతున్నారు. ఒకడు ఎర్ర తువ్వాలు ఊపుతున్నాడు. ఇంజను ఆగిపోయి గంట దాటిందట. రెండు పడవలు పక్కగానే పోయాయట, కేకలు గాలికి వాళ్లకు వినపడలేదు, పడవ కనపడలేదు. నారింజ పడవ వాళ్లు మళ్లీ పోయి తాడు కట్టి లాక్కొచ్చారు.

బావ ఒడ్డున దిగి, నీళ్లడిగి తాగాడు. అక్క లేచి, చీరకంటిన ఇసుక దులుపుకుని, నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"శానా బాగా కలిపినావురా. గంటసేపు చూసినా, నాకే అగపడల్యా."

ఆ పూటే పసుపు డబ్బా పట్టుకుని పడవ మీద పడ్డాను. తొందరలో, కింది రంగు లోపల ఇంకా పచ్చిగానే ఉందన్న సంగతి మరిచాను. రెండూ కలిసి చిలకపచ్చ తేలింది. హయ్యరు పాసైన నాకు ఆ మాత్రం తెలియదా అంటే, భయపడ్డవాడికి చదువు గుర్తుండదు. వారం రోజులు ఆరబెట్టి, గీకి, మళ్లీ పసుపు వేసి, అక్క ఒడ్డున నిలబడి చూసి చాలనేదాకా ఊరు కదల్లేదు.

ఆ కథను ఇప్పుడు అక్కే అందరికీ చెప్పి నవ్విస్తుంది, నేనూ నవ్వుతాను. కానీ ఆమెకు తెలియని ముక్క ఒకటి ఉంది. ముసలామె వేలు చూపించినప్పుడు, బావ బతికే ఉన్నాడన్న ఊరట కంటే ఒక్క క్షణం ముందు, అక్క నా పక్కనే ఏడుస్తుండగా, నా మనసులో మెదిలిన మాట "అబ్బ, ఎంత బాగా కలిసిపోయింది" అని. అప్పటి నాలోని ఆ కుర్రవాడి చెవి మెలిపెట్టాలని ఇన్నేళ్లుగా అనుకుంటున్నాను. నిన్న దుకాణంలో ఎవరో రంగు భలే కుదిరిందన్నారు. నా మొహం వెలిగిపోయింది. వెంటనే సిగ్గేసి, మూత గట్టిగా బిగించి ఇచ్చాను.