రెండు గుర్రాల దొర

మోండా మార్కెట్ వెనక సందులో పటాలు కట్టే బ్రహ్మచారికి మనుషుల మొహాల మీద పెద్ద గౌరవం ఉండేది కాదు. ఇరవై ఏళ్ళుగా వాటిని అద్దాల కింద బిగిస్తున్నవాడికి ఎక్కడి నుంచి వస్తుంది? చెయ్యి తిరిగిన చిత్రకారుడు కూడా. చిన్న ఫోటో తెచ్చిస్తే నిలువెత్తున రంగుల్లో దించేవాడు. బతికినన్నాళ్ళూ ఇంటిల్లిపాదినీ ఏడిపించి పోయినవాడు సైతం అతని కుంచె కింద దేవుడైపోయేవాడు. "కడుపు కోసం గీస్తున్న గాని, నమ్మి గీస్తలేను" అనేవాడు.

పోలీసు చర్య జరిగిన సెప్టెంబరులో అతనికి ఊపిరి సలపలేదు. గోడల మీది పాత ప్రభువు పటాలు దించి, కొత్త నాయకులను కట్టించుకోవడానికి జనం వరస కట్టారు. కొందరు గొంతు తగ్గించి, "పాతది పారేయకు చారీ, కొత్తదాని వెనక ఉండనీ. ఎవరికెరుక" అనేవారు. అద్దం ఒకటే, చట్రం ఒకటే, భక్తి మాత్రం రెండు పొరలు. బ్రహ్మచారి మేకులు కొడుతూ మనసులోనే ఉమ్మేసేవాడు.

అలా అడిగినవాళ్ళలో మొదటివాడు కాంట్రాక్టర్ వీరయ్య. పదిహేడో తారీఖు దాకా రూమీ టోపీ పెట్టి రజాకార్లకు బియ్యం తోలినవాడు, పద్దెనిమిదో తారీఖుకల్లా గాంధీ టోపీతో మిలిటరీ లారీలకు దండలు వేశాడు. ఏ ఎండకు ఆ గొడుగు పట్టేవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు. ఎండ రాకముందే గొడుగుకు కొలతలిచ్చేవాడు వీరయ్య ఒక్కడే. నెల తిరిగేసరికి పెద్దమనుషుల కమిటీలో చేరాడు. ఆయన పూచీ సంతకం పెడితే నిర్బంధంలో ఉన్నవాళ్ళను వదిలేస్తున్నారు.

బ్రహ్మచారి తమ్ముడు పర్వతాలు అలా లోపల ఉన్నవాడే. రైల్వేలో కూలి. యూనియన్ మీటింగులో నాలుగు మాటలు మాట్లాడినందుకు కమ్యూనిస్టని పట్టుకుపోయారు. రెండు నెలలైంది. తల్లి బాలమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది. ఆ పూచీ సంతకం కోసం బ్రహ్మచారి అప్పటికే వీరయ్య గడప చాలాసార్లు తొక్కాడు.

ఒకరోజు వీరయ్య దుకాణానికి వచ్చేసరికి గోడకు ఐదు ఇంగ్లీషు బొమ్మలు ఆనించి ఉన్నాయి. కంటోన్మెంటు ఖాళీ చేసి పోతున్న మేజరు దగ్గర మిషన్ బడి చరిత్ర పంతులు జకర్యా కొని, కట్టమని ఇచ్చినవి. అన్నీ నూటయాభై ఏళ్ళ కిందటి ఇంగ్లండ్ మంత్రి ఒకడివే. ఒకదానిలో గుండె మీద చెయ్యి, కళ్ళలో కరుణ, పక్కన పుస్తకాలు. మిగతా నాలుగూ ఎగతాళి అచ్చులు. బానపొట్ట, గడ్డం మాసిన బుగ్గలు. ఒకదానిలోనైతే రాజుగారి గుర్రం మీద ఒక కాలు, రాజు విరోధుల గుర్రం మీద ఒక కాలు వేసి దౌడు తీస్తున్నాడు. "మొదటిది డబ్బులిచ్చి గీయించుకున్నది. ఇవి డబ్బులిచ్చినా ఆపలేకపోయినవి" అని జకర్యా నవ్వుతూ చెప్పి పోయాడు.

వీరయ్య కళ్ళు సరిగ్గా ఆ గుర్రాల మీదనే పడ్డాయి. చాలాసేపు ముచ్చటగా చూశాడు.

"ఏం దమ్మున్న దొర చారీ. ఒకటి చాలక రెండు గుర్రాలు. మారేడ్‌పల్లిల కొత్త బంగ్లా కట్టిన గద, హాల్ల పెట్టాలె. నన్ను సుత గిట్లనే గీయి. నీ తమ్ముని కాగితం మీద బొమ్మ అయినంక దస్కత్ జేస్త."

విషయం వినగానే జకర్యా పొట్ట పట్టుకుని నవ్వాడు. "గీయి బ్రహ్మచారీ. వాడే అడిగి చేయించుకుంటున్నడు. ఇంత న్యాయం ఏ కోర్టుల దొరుకుతది?"

బ్రహ్మచారి ఆ రోజే బొగ్గుతో గీత మొదలుపెట్టాడు. వీరయ్య పొట్ట, వీరయ్య దొంగచూపు, ఎటుపోతున్నాయో తెలియని రెండు గుర్రాలు. చెయ్యి దానంతటదే పరుగెత్తింది. పుట్టి బుద్ధెరిగాక అతను నమ్మి గీసిన బొమ్మ అదొక్కటే. ఎంత సంతోషం వేసిందంటే భయం ఆలస్యంగా వచ్చింది. గృహప్రవేశానికి చదువుకున్నవాళ్ళు వస్తారు. ఒక్కడు కిసుక్కుమన్నా వీరయ్య కారణం తెలుసుకుంటాడు. ఆ తర్వాత పర్వతాలును బయటికి తెచ్చే దిక్కు ఉండదు.

తడిగుడ్డ తీసుకుని ఒక గుర్రాన్ని తుడిచేశాడు. పొట్టను కూడా తుడిచాడు. తెల్లారి వీరయ్య దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సాబ్, రెండు గుర్రాలు సర్కసోళ్ళకు. మీ అసుంటోళ్ళకు ఒక్కటే ఇజ్జత్."

"నిజమే చారీ. జెరంతల నా పరువు కాపాడినవ్" అన్నాడు వీరయ్య.

బొమ్మ అద్భుతంగా వచ్చింది. తెల్లగుర్రం, గుండె మీద చెయ్యి, కళ్ళలో కరుణ. అది చూసి కొందరు ముసలివాళ్ళు చెప్పులు విడిచి లోపలికి వచ్చారట. వీరయ్య మాట నిలబెట్టుకున్నాడు. ఒక్క షరతు పెట్టాడు, విడుదలైనవాడు వచ్చి దండం పెట్టాలని.

ఎముకలు తేలిన పర్వతాలును వెంటబెట్టుకుని బ్రహ్మచారి ఆ బంగ్లాకు పోయాడు. వీరయ్య ఇంకా లోపలి నుంచి రాలేదు. హాల్లో పర్వతాలు ఆ పటం ముందు నిలబడి తల ఎత్తి చూశాడు.

"నా తోటి లోపలున్నోళ్ళల్ల ఇద్దర్ని పట్టిచ్చింది వీడే అన్నా. వీని మొహంల ఇంత దయ యాడికెళ్ళి తెచ్చిండు? ఎవడు గీసిండు?"

"ఏమో. మద్రాసాయన అంటున్నరు."

"ఎవడైనా గానీ, సిగ్గు లేనోడు."

"అవు, లేదు" అన్నాడు బ్రహ్మచారి. లోపలి నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. తమ్ముడి కంటే ముందే అతని చేతులు జోడించుకున్నాయి.