వేడి గురించి నాకా చెప్పేది!

లాండ్రీలో ఆవిరితో ఇస్త్రీ చేసే ప్రెస్సు నడిపేది ఆయనే, అందుకే అందరూ ఆవిరి బాబాయ్ అంటారు. పట్టుబట్టను ఓసారి చేత్తో తడిమి, అదెంత వేడికి ఓర్చుకుంటుందో చెప్పేస్తాడు. పనిమంతుడే, కాదనను. కానీ పనిమంతుడన్న పేరు నెత్తికెక్కితే మనిషి ఎంత మొండిఘటమవుతాడో చూడాలంటే టిక్కెట్టు కొనక్కర్లేదు, ఆ లాండ్రీలోకి తొంగిచూస్తే చాలు.

చిన్నప్పటినుంచీ ఆయనకు చక్కెర జబ్బు. ఒంట్లో ఇన్సులిన్ అసలు తయారుకాని రకం. సూదిమందు లేకపోతే ప్రాణం నిలవదు. ఇన్నేళ్లూ ఏదో ఉజ్జాయింపుగా పొడుచుకుంటూ నెట్టుకొచ్చాడు. ఓ రోజు చక్కెర పడిపోయి, చేతిలో ఇస్త్రీపెట్టె ఉండగానే కూలబడ్డాడు. పక్కనే బట్టలు మడతపెడుతున్న భార్య దాన్ని లాక్కోకపోతే ఆయనతోపాటు షాపు కూడా కాలిపోయేది. తండ్రి పోయాక షాపు చూసుకుంటున్న ఓనరమ్మ ఆ రోజే తెగేసి చెప్పింది.

"బాబాయ్, ఆ ఇన్సులిన్ పంపేదో పెట్టించుకుంటే ప్రెస్సు నీది. లేదంటే కౌంటర్లో కూర్చుని టోకెన్లు ఇచ్చుకో."

కౌంటరు! ఆయన దృష్టిలో అది చేతకానివాళ్ల చోటు. వెంటనే పంపు పెట్టించుకున్నాడు. ఒంటి మీద ప్రేమతో కాదండోయ్, ప్రెస్సు మీద ప్రేమతో.

పంపంటే గుప్పిట్లో పట్టే డబ్బా. అందులోంచి మందు సన్నని గొట్టం గుండా పొట్ట చర్మం కిందికి వెళ్తుంది. భుజానికి అంటించిన బిళ్ల ఒంట్లో చక్కెర ఎంతుందో కనిపెడుతుంటే, దాన్నిబట్టి పంపు తనంతట తానే మందు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. తినేముందు ఎంత తింటున్నామో మాత్రం మనమే దానికి చెప్పాలి. ఇదంతా ఓపిగ్గా నేర్పిన నర్సు చివర్లో, "మందుకు వేడి తగలనివ్వకండి, చెడిపోతుంది," అంది.

"వేడి గురించి నాకా చెప్పేది, తల్లీ!" అని పకపకా నవ్వాడు ఆవిరి బాబాయ్. నర్సు కూడా మర్యాదకు నవ్వింది.

కొన్నాళ్లు అంతా భేషుగ్గా నడిచింది. పంపు చొక్కా జేబులో ఉండేది. అయితే ఆ బరువుకు జేబు సాగి, చొక్కాకు ముడత పడుతోందట! ప్రాణం పోయినా ఫరవాలేదుగానీ ఇస్త్రీ నలగకూడదు మహానుభావుడికి. పంపును తీసి నడుముకు, కుడిపక్కన, బెల్టుకు తగిలించుకున్నాడు. సరిగ్గా ఆ నడుమునే ప్రెస్సు బల్లకు ఆనించి రోజంతా నిలబడతాడు. ఆవిరి కక్కే పలక అక్కడికి జానెడు దూరం.

ఇంకేముంది, చక్కెర ఎగబాకింది. పంపు మందు పెంచింది. లోపలున్నది ఉడికిపోయిన మందాయె, ఎంత పోస్తే ఏం లాభం? పాపం, పంపు గోలపెట్టింది.

"దొంగ డబ్బా! మందంతా మింగేసి నా మీద అరుస్తావా?" అని దాన్ని తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

"ఓసారి నర్సుకు ఫోన్ చేద్దామండీ," అంది భార్య.

"నీ మడతలు నువ్వు చూసుకోవే!"

అసలు భయం వేరే ఉంది. ఆ కూతలు ఓనరమ్మ చెవినపడితే ప్రెస్సు పోతుంది. అందుకని ఏం చేశాడంటారు? చప్పుడు వినబడకుండా అప్పుడే ఇస్త్రీ చేసిన తువ్వాలు మడిచి, పంపు చుట్టూ బిగించి కట్టాడు. ఆహా, ఏం బుర్ర! మందుకు చలేస్తుందనుకున్నాడో ఏమో.

మర్నాటికి నాలుక పిడచకట్టుకుపోయింది. మధ్యాహ్నానికి ఎవరిదో కోటు మీద భళ్లున వాంతి చేసుకుని, బల్ల కాళ్ల దగ్గర చతికిలబడ్డాడు. లేవదీయబోయిన భార్య చెయ్యి తువ్వాలుకు తగిలింది.

"అయ్యో అయ్యో! కాలిపోతోందండీ ఇది! ఇందులో మందుందా, టీ కాగుతోందా?"

ఆవిడ ఒక్క పరుగున వెళ్లి, షాపు ఫ్రిజ్‌లో దాచిన సూదిమందు తెచ్చి పొడిచింది. ఓనరమ్మ కారు తీసింది. ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు, ఇంకాసేపు ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. కోలుకున్నాక అదే పంపులో కొత్త మందు నింపితే, చక్కెర బుద్ధిగా చెప్పినమాట విన్నది.

మంచం పక్కన కూర్చున్న భార్యకు అప్పుడొచ్చింది ఏడుపు.

"ఊళ్లోవాళ్ల బట్టలకు ఎంత వేడి పనికొస్తుందో తెలుసు మీకు. మీ ప్రాణానికి ఎంత పనికొస్తుందో చెబితే మాత్రం నవ్వుతారు. మీరు పోతే నా గతేంటి?"

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మళ్లీ పనిలోకి వచ్చిన రోజు, పంపును చొక్కా జేబులో పెట్టుకుని నేరుగా ప్రెస్సు దగ్గరకు నడిచాడు. ఓనరమ్మ అడ్డం నిలబడింది.

"పంపు పనిచేస్తోందమ్మా ఇప్పుడు," అన్నాడు, ఎన్నడూ లేని మెత్తని గొంతుతో.

"దాని మీద నాకు నమ్మకం కుదిరింది బాబాయ్. నీ మీదే ఇంకా కుదర్లేదు. కౌంటర్లో కూర్చో."

కూర్చున్నాడు. టోకెన్ల పుస్తకం ముందుకు లాక్కున్నాడు. కాసేపటికి ఒకావిడ పట్టు దుపట్టా తెచ్చి బల్లమీద పెట్టింది. అలవాటు కొద్దీ తడిమి చూసి, "దీనికి వేడి తగలకూడదమ్మా, చెడిపోతుంది," అన్నాడు.

వెనక మడతల బల్ల దగ్గర భార్య నవ్వు వినబడింది. ఆయన తల ఎత్తకుండా టోకెను చింపి ఇచ్చాడు.