హెడ్‌సెట్‌లో వినిపించిన జవాబు

అది నా సర్వీసులో చివరి వేసవి. రెక్కల వ్యోమనౌక రన్‌వే మీదికి దిగే తీరును పరీక్షించే సిమ్యులేషన్లకు డైరెక్టరుగా నన్ను ఖమ్మం జిల్లా పెనుబల్లి పంపారు. కదిలే కాక్‌పిట్‌ను తయారుచేసిన వర్క్‌షాపు అక్కడ అడవి అంచున ఉంది, పరీక్షలూ అందులోనే. తిరిగొచ్చే నౌకకు ఇంజిన్ సాయం ఉండదు, మళ్లీ పైకి లేచి ఇంకోసారి ప్రయత్నించడం కుదరదు. అందుకే పైలట్‌ను ముందు ఉత్తుత్తి కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి, కావాలనే చిక్కులు పెట్టి చూస్తాం.

ఆ రోజు పైలట్ వింగ్ కమాండర్ రాధికగారు, విశాఖ మనిషి. ఈ పరీక్ష రన్‌లో నెగ్గితేనే వ్యోమగాముల జాబితాలో ఆవిడ పేరు నిలుస్తుంది. కన్సోల్ దగ్గర వర్క్‌షాపు టెక్నీషియన్ యాకూబ్. ఖమ్మంలో తాతల కాలం నుంచి మోటార్లు బాగుచేసే కుటుంబం వాళ్లది. ఆటోపైలట్ దీపం ఆరిపోయేలా చిక్కు పెట్టాను. నౌకను నడుపుతున్నది కంప్యూటరే, కానీ ఆ సంగతి ఆవిడ అడిగి తెలుసుకోవాలి.

తెర మీద రన్‌వే దూసుకొస్తోంది. "ఆటో ఉందా?" అని హెడ్‌సెట్‌లో అడిగారు. యాకూబ్ ఒక్క ముక్కలో జవాబిచ్చాడు. మరుక్షణం ఆవిడ కంట్రోల్ స్టిక్ అందుకుని నౌక ముక్కు పైకెత్తారు. ఎత్తాల్సిన సమయం ఇంకా రాలేదు. నౌక గాల్లో తేలి, వేగం చచ్చి, దబ్బున రన్‌వే మీద పడింది.

నాకు ఒళ్లు మండింది. కంప్యూటర్ చక్కగా దింపుతుంటే చెయ్యెందుకు పెట్టారని అందరి ముందూ నోరు పారేసుకున్నాను. "ఆఫ్ అని మీవాళ్లే చెప్పారు కదండీ" అన్నారావిడ. సాకు అనుకున్నాను. నివేదికలో 'పైలట్ తప్పిదం' అని రాసి సంతకానికి సిద్ధమయ్యాను.

యాకూబ్ అడ్డొచ్చాడు. "జర ఆగుండ్రి సార్. నేను ఆఫ్ అనలే. ఆటో ఉందా అని మేడం అడిగిండ్రు, అవ్ అన్న. గట్లనే అంటం గద మేము!"

టేపు పెట్టించాను. ఆ గరగరలో, అవునని యాకూబ్ అన్న 'అవ్' నాకూ 'ఆఫ్' అనే వినిపించింది. నిబంధన ప్రకారం జవాబు పూర్తి వాక్యంలో ఇవ్వాలి. అందరం తెలుగువాళ్లమే, ఆ చాదస్తమెందుకని మొదటి రోజే దాన్ని పక్కన పెట్టించింది నేనే.

నివేదిక చింపేసి, 'రన్ రద్దు, బాధ్యత డైరెక్టరుది' అని రాశాను. అందరి ముందే ఆవిడకు క్షమాపణ చెప్పాను. మధ్యాహ్నం మళ్లీ రన్. చిక్కు ఎప్పుడొస్తుందో చెప్పలేదు. దీపం ఆరింది. ఆవిడ అడిగారు. "ఆటో నడుస్తున్నది మేడం" అన్నాడు యాకూబ్. ఆవిడ చేతులు కదపలేదు. చక్రాలు మెత్తగా నేల తాకాయి, జాబితాలో ఆవిడ పేరు నిలిచింది.

సిమ్యులేటర్ పైలట్‌ను పరీక్షిస్తుందని ఉద్యోగమంతా చెప్పుకుంటూ వచ్చాను. గదిలో ఉన్న అందరినీ పరీక్షిస్తుందని ఆ రోజు తెలిసింది. ఆ పరీక్షలో తప్పింది నేను. యాకూబ్ నోరు విప్పకపోతే, జాబితాలోంచి పోయేది మాత్రం రాధికగారి పేరు.