యాదగిరన్న పన్ను ఎందుకు ఊగింది?

2011. తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన సంవత్సరం. నాది మానుకోట. పళ్ల డాక్టరుగా జనగామలో క్లినిక్ పెట్టి అప్పటికి ఐదారేళ్లయింది. ఎప్పుడు బంద్ ఉంటుందో, ఎప్పుడు షట్టర్ ఎత్తాలో తెలిసేది కాదు. వచ్చిన పేషెంట్లు పన్ను నొప్పి సంగతి తర్వాత, ముందు "రేపు బస్సులు నడుస్తయా అమ్మా?" అని అడిగేవారు.

యాదగిరిది నర్మెట్ట. జనగామలో ఒక బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. నలభై దాటిన మనిషి. ఆ రోజుల్లో పెళ్లిళ్ల కంటే ఊరేగింపుల్లోనే ఎక్కువ వాయించాడు. అలాంటి ఒక ఊరేగింపులో ట్రాక్టర్ ట్రాలీ మీద నిలబడి వాయిస్తుంటే డ్రైవర్ ఒక్కసారిగా బ్రేకు వేశాడు. క్లారినెట్ నోటికి గుద్దుకుని పై ముందుపన్ను వేరుతో సహా వచ్చేసింది.

క్లారినెట్ మొన ఆనేది ఆ పన్ను మీదే. తీసి పెట్టుకునే పన్ను కట్టిస్తే నాలుగు స్వరాలకే కదిలిపోయింది. భూపాలపల్లి బొగ్గు బావిలో పనిచేసే బావమరిది ధైర్యం చెప్పి ఇంప్లాంట్ కోసం నా దగ్గరికి తీసుకొచ్చాడు. ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో టైటానియం స్క్రూ బిగించడం. ఎముక దాన్ని పట్టుకున్నాక దానిపైన పన్ను కడతాం. ఎముక పట్టేదాకా కొన్ని నెలలు క్లారినెట్ ముట్టకుండా ఆగాలి.

బిగించే ముందు అడగాల్సినవన్నీ అడిగాను. షుగర్ లేదు. బీడీ అప్పుడప్పుడూ ఒకటి.

"గుట్కా, గంజాయి, ఇంకేమన్న మత్తు?"

"గంజాయా? నేను గట్ల కనబడ్తున్ననా డాక్టరమ్మా? సార గూడ ముట్ట." భార్య భాగ్యమ్మ కూడా అవునని తలూపింది.

రెండు నెలల తర్వాత చూస్తే స్క్రూ చుట్టూ చిగురు ఎర్రగా ఉబ్బి ఉంది. వేలితో తాకితే చీము వచ్చింది. అంత వాపుకి మనిషి అల్లాడిపోవాలి. యాదగిరి మాత్రం "నొప్పా? ఏం లేదే" అన్నాడు. నోట్లో అద్దం పెడితే బుగ్గకు అతుక్కుపోయింది. ఉమ్మి ఊరడమే లేదు. పక్క పళ్ల మొదళ్లలో కొత్తగా పుచ్చు మొదలైంది.

నాకేమీ అర్థం కాలేదు. షుగర్ పరీక్ష మళ్లీ చేయించాను, మామూలుగానే ఉంది. దొంగచాటుగా వాయిస్తున్నాడేమో అనుకున్నాను. "నా పిల్లల మీద ఒట్టు, పెట్టె గూడ తెరువలే" అన్నాడు. స్క్రూలో లోపమా, నా చేతిలోనా? శుభ్రం చేసి, మందులిచ్చి పంపాను. తర్వాత వచ్చినప్పుడు స్క్రూ ఊగుతోంది.

అంతలో సమ్మె వచ్చింది. బస్సులు, లారీలు ఆగిపోయాయి. ఒక ఉదయం భాగ్యమ్మ ఎవరిదో ఆటో బతిమాలుకుని యాదగిరిని తీసుకొచ్చింది. చేతులు వణుకుతున్నాయి. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఖాళీగా ఉన్న మూల వైపు చూసి ఎవరినో రమ్మని పిలుస్తున్నాడు.

"రెండు దినాల సంది కన్ను మూయలే. లేనోళ్లతోని మాట్లాడుతుండు. ఏమైంది డాక్టరమ్మా? నువ్వు గొట్టిన మేకు నెత్తికెక్కిందా?" అని భాగ్యమ్మ ఏడ్చింది.

కాదని గట్టిగా చెప్పలేకపోయాను. చీము తలకెక్కిందా అని నాకూ భయమేసింది. అదే ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. డ్యూటీ డాక్టర్ యాదగిరి కళ్లూ చేతులూ చూసి భాగ్యమ్మనడిగాడు.

"కల్లు తాగుతడా?"

"రోజూ పొద్దుగూకినంక కల్లు డిపోల తాగుతడు. కల్లే గద సారూ, మందు గాదు."

"చెట్టు కల్లు కాదు గదా, డిపో కల్లు. దాంట్ల నిద్రమాత్రల పొడి కలుపుతరు. సమ్మెతోని పొడి రాక నాలుగు దినాల సంది ఉత్త కల్లు పోస్తున్నరంట. అలవాటైన మత్తు అందక వార్డు నిండా గిట్లనే ఉన్నరు."

భాగ్యమ్మ ఆయన ముఖం వైపూ నా ముఖం వైపూ మార్చి మార్చి చూసింది. "కల్లుల నిద్రమాత్రలేంది సారూ?" అంది. ఇన్నేళ్లుగా ఏం తాగుతున్నాడో భర్తకీ తెలియదు, ఆమెకీ తెలియదు.

ఆ మాత్రలు నోరెండేలా చేస్తాయి. ఉమ్మి లేకపోతే పళ్లకీ చిగుళ్లకీ కాపలా లేనట్టే. మత్తులో నోరు కడగకుండానే పడుకుంటాడు, చిగురు ఉబ్బినా నొప్పి తెలియదు. ఇదంతా సరిపోతోంది. కానీ స్క్రూ ఊగింది దాని వల్లేనా అంటే, ఒట్టు పెట్టి చెప్పలేను.

మనిషి కుదుటపడ్డాక స్క్రూ తీసేశాను. దవాఖాన డాక్టర్ మాత్రలిచ్చి, వాటిని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ ఆ అలవాటు మాన్పించాలని చూశాడు. యాదగిరి మానాడు, మళ్లీ డిపోకెళ్లాడు, మళ్లీ మానాడు. భాగ్యమ్మ సాయంత్రాలు మేళం షాపు ముందే కూర్చుని, అతన్ని వెంటబెట్టుకుని ఇంటికి పోయేది. రాష్ట్రం వచ్చిన రోజు జనగామ బజార్లో తోటివాళ్లు క్లారినెట్లు వాయిస్తుంటే, యాదగిరి వెనకాల డోలు కొడుతూ నడిచాడు. నన్ను చూసి నోరు మూసుకునే నవ్వాడు.

మరుసటి ఏడాది తనే వచ్చాడు. అద్దం బుగ్గకు అతుక్కోలేదు. మళ్లీ స్క్రూ బిగించాను. ఈసారి ఎముక గట్టిగా పట్టింది, పన్ను కట్టాను. అప్పటికి డిపో కల్లు మానేశాడు, బీడీ కూడా. మొన పంటికి ఆనకుండా పై పెదవి అడ్డం పెట్టి వాయించడం నేర్చుకున్నాడు. వీటిలో పన్నును కాపాడింది ఏదో నాకిప్పటికీ తెలియదు.

అప్పటి నుంచి కొత్త పేషెంటును మత్తు అలవాటుందా అని అడగడం మానేశాను. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా నోట్లోకి ఏమేం పోతుందో చెప్పమంటాను. మత్తు అని తెలియనివాళ్లు కూడా అప్పుడు దాని పేరు చెప్పేస్తారు.

పన్ను కట్టిన రోజు యాదగిరి అద్దంలో చూసుకుని అడిగాడు.

"గప్పుడెందుకు ఊగింది, గిప్పుడెందుకు నిలబడ్డది అమ్మా?"

"నిజం చెప్పాల్నంటే నాకు పూరాగ తెల్వదన్నా."

"తెల్వకుంటనే రెండుసార్లు మేకు గొట్టినవా?" అని నోరంతా తెరిచి నవ్వాడు.