జంట సంచుల అక్క

ఆఫీసులో అందరూ ఆమెను జంట సంచుల అక్క అంటారు. ఇంట్లో కవల ఆడపిల్లలు. రోజూ సాయంత్రం ఫోన్లో పెద్దదాన్ని అడిగి, అదేం చెబితే అదే రెండు కొని, చెరో సంచిలో వేసుకుని వెళ్తుంది. కుర్చీలో ఎప్పుడూ అంచునే కూర్చుంటుంది. సంతోషం వచ్చిందంటే ఆ అంచున కూడా నిలవదు. ఆ రోజు సాయంత్రానికల్లా నాటకశాల టికెట్లు ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాలి. సీట్లన్నీ ఖాళీ అని చెప్పడానికి, ఒక వరుస నిండా సున్నాలు నింపి, దాన్నే పదిసార్లు వేయమని ప్రోగ్రాంలో ఒక్క ముక్కలో రాసేసింది. సరిచూద్దామని తెర మీద మొదటి వరుసలో మూడో సీటు నొక్కింది. పది వరుసల్లోనూ మూడో సీటు అమ్ముడైనట్టు ఎర్రబడింది! పక్క కుర్చీలోని కుర్రాడు తల పట్టుకున్నాడు.

"కొంప మునిగిందక్కా!"

ఆమె గోరు కొరుకుతూ తెరకేసి చూసి చూసి, ఒక్కసారిగా ఎగిరి గంతేసింది. "దొరికిందిరా! ఇవి పది వరుసలు కావు. ఉన్నది ఒక్కటే, దాన్నే పది చోట్ల చూపిస్తోంది. ఇద్దరు పిల్లలకీ కలిపి ఒకే పలక ఇచ్చినట్టు! ఒకత్తి గీసిందే రెండోదానికీ గీత."

ప్రతి వరుసనూ విడిగా, కొత్తగా పుట్టించమని మార్చి రాసింది. మళ్లీ నొక్కింది. ఒక్క సీటే ఎర్రబడింది! చప్పట్లు కొట్టిన చేత్తోనే ఇంటికి ఫోన్ చేసింది. పెద్దది బొమ్మ కారు కావాలంది. "అలాగే తల్లీ" అని ఎప్పట్లా పెట్టెయ్యబోయి ఆగింది.

"ఉండు, ఫోను చెల్లికివ్వు."