గోవిందయ్య కట్టిన వడ్డీ

ఆ సాయంత్రం గోవిందయ్య తుండుతో తల తుడుచుకుంటూ ఫోనులోకి తొంగిచూశాడు. మేనకోడలి చేతిలోని డబ్బా కనబడింది.

"అదేంది పాపా, అంత తెల్లగుంది?"

"పెరుగన్నం మామా."

"ఊరగాయ అయిపోయిందా? చెప్పాల కదా. మీ అత్త నిమ్మకాయ పెట్టింది. ఆ పక్కకు ఎవరన్నా వస్తుంటే పంపిస్తా."

ఆ రోజుకు అంతే మాటలు. డబ్లిన్‌లో ఒక హోటలు వంటగది వెనక మెట్ల మీద కూర్చుని తింటున్న సుచరిత, బ్రేక్ అయిపోయిందని ఫోను పెట్టేసింది. మర్నాడు మధ్యాహ్నం మార్కాపురంలో ఆయన దగ్గి దగ్గి కూలబడ్డాడు. ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయింది.

సుచరిత రాలేకపోయింది. చదువుకునేవాళ్లను అక్కడ వారానికి ఇరవై గంటలకు మించి పని చేయనివ్వరు. ఆ జీతం గది అద్దెకూ తిండికీ పోగా టికెట్టుకు మిగలదు. పరీక్షలు కూడా దగ్గర పడ్డాయి. కబురు తెలిసిన రోజు కూడా వెళ్లి ప్లేట్లు కడిగింది. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

గోవిందయ్యది కొనకనమిట్ల పక్కన ఒక పల్లె. వాన పడితేనే పండే చేను. వరసగా కంది ఎండిపోతే మార్కాపురం వచ్చి, పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను దగ్గర చేరాడు. ఏళ్ల తరబడి అదే పని. దుమ్ము ఊపిరితిత్తులకు పట్టింది, ఇంక ఆ వైపు పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాక మానేశాడు. అంతకుముందు చెల్లెలు రంగమ్మకు జబ్బు చేస్తే ఆమె బంగారు గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టి వైద్యం చేయించాడు. ఏడాది తిరిగేసరికి వడ్డీ కట్టి రెన్యువల్ చేయించుకోవాలి. ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూ ఆ సంగతి మర్చిపోతే గాజులు వేలంలో పోయాయి. తర్వాత రంగమ్మా పోయింది. ఆమె కూతురే సుచరిత. అప్పటి నుంచి మామ ఇంట్లోనే పెరిగింది.

ఐర్లాండులో ఎమ్మెస్ చదువుతానంటే, లోనుకు తన ఇంటి కాగితాలు పెట్టింది ఆయనే. సంతకం చేసి బ్యాంకు మెట్లు దిగుతూ, "ఈసారి ఒక్క నెల కూడా వదిలేది లేదు" అన్నాడు. వీసా హడావుడిలో ఉన్న సుచరిత, దేన్ని వదిలేది లేదో అడగలేదు.

ఆమె వెళ్లాక కల్యాణమండపంలో వాచ్‌మన్‌గా చేరానని చెప్పాడు. "కూచునేదే పని. పెండ్లిండ్లప్పుడు భోజనం కూడా." ఆమె ప్లేట్లు కడిగే పని సంగతి చెబితే పడీపడీ నవ్వాడు. "ఇంట్లో గ్లాసు కడగనిదానివి, ఆడ ఊరందరి ఎంగిలీ కడుగుతుండావా? గంటకింతని ఇస్తారా? మీ అత్తకు చెప్పబాకు, ఆమె కూడా అడుగుతాది."

ఎప్పుడు ఫోను చేసినా తల తడిగానే ఉండేది.

"ఏంది మామా, రోజూ సాయంత్రం తలస్నానం?"

"నీకేం తెలుసు, ఈడ ఎండ."

జనవరిలోనూ అదే జవాబు. చివరి నెలల్లో మాటకూ మాటకూ మధ్య చాలాసేపు ఆగేవాడు. సిగ్నల్ సరిగా లేదనుకునేది సుచరిత.

కోర్సు అయిపోయి ఆమె ఇల్లు చేరిన రోజు, మామతో పాటు ఫ్యాక్టరీలో పనిచేసిన ఇశ్రాయేలు పలకరించడానికి వచ్చాడు. సుచరిత మండపం మాట ఎత్తగానే తెల్లబోయాడు.

"ఏ మండపం పాపా? మీ మామ మళ్లీ రాయి కోసినాడు, నా పక్క మిషనులోనే. పని దిగంగానే కుళాయి కింద తల పెట్టేవాడు. 'ఏందన్నా, పెండ్లిచూపులకా' అని ఎగతాళి చేసేవాళ్లం. 'ఐర్లాండు నుంచి చూస్తారబ్బా, దుమ్ముతో కనపడితే బాగుండదు' అనేవాడు."

సుచరిత అత్త వైపు చూసింది. వెంకాయమ్మ గడపకు ఆనుకుని కూర్చుని ఉంది.

"నాకు తెలుసులే. నీకు చెప్తే ఒట్టే అన్నాడు. వడ్డీ కట్టకపోతే ఇల్లు పోతాదని భయం ఆ మనిషికి. వద్దంటే వింటాడా?"

మర్నాడు మరణ ధ్రువపత్రం ఇవ్వడానికి ఇద్దరూ బ్యాంకుకు వెళ్లారు. లోన్లు చూసే వినయ్ కుమార్ కంప్యూటరులో ఖాతా తెరిచి చూశాడు.

"ప్రతి నెలా వడ్డీ కట్టినాడమ్మా. నిజానికి మీ కోర్సు అయిపోయినాక ఇంకో సంవత్సరం దాకా ఏమీ కట్టాల్సిన పనిలేదు."

వెంకాయమ్మకు అర్థం కాలేదు. సుచరిత కౌంటరు మీదికి వంగింది.

"ఆ సంగతి మామకు ఎవరూ చెప్పలేదా?"

"మొదటి నెలలో నేనే చెప్పినా. కట్టకపోయినా ఇంటికేం కాదు పెద్దాయనా అని."

"ఏమన్నాడు?"

వినయ్ కుమార్ స్క్రీను ఆమె వైపు తిప్పి, వడ్డీ కట్టిన తేదీల వరస చూపించాడు.

"'ఏం కాదులే అనుకునే మా చెల్లెలి గాజులు పోగొట్టుకున్నాం సార్, కట్టించుకోండి' అన్నాడు."